షెజ్వాన్ సాస్, చిల్లీ ఆయిల్, సోయా సాస్: వీటిలో ఇంట్లో ఏవి చేసుకోవచ్చు, ఏవి కొనక తప్పదు?

సర్జాపుర_వంటిల్లు:
అందరికీ నమస్కారం. మేం విజయవాడ నుంచి బెంగళూరు వచ్చి తొమ్మిదేళ్ళయింది, సర్జాపుర రోడ్డు వైపు ఉంటాం. ఇంట్లో ఇద్దరు పిల్లలు, మావారు, అత్తగారు. ఈ ఊళ్ళో గోబీ మంచూరియా బండి లేని వీధి ఉండదు కదా, సాయంత్రమైతే పిల్లలు అదే అడుగుతారు. 2024 మార్చిలో కర్ణాటక ప్రభుత్వం గోబీ మంచూరియాలో, పీచు మిఠాయిలో కృత్రిమ రంగులు వాడకూడదని నిషేధం పెట్టినప్పుడు, అందులో రోడమైన్-బి అనే బట్టల రంగు కూడా కలుపుతున్నారని విన్నప్పటి నుంచి నాకు బయట పెట్టించాలంటే భయం. అప్పటి నుంచి ఇంట్లోనే చేస్తున్నా.

కానీ ఇంట్లో చేస్తున్నాననే మాటే గానీ అన్నీ సీసాల్లోంచే వస్తున్నాయి. ఫ్రిజ్ తలుపు అర నిండా రెడ్ చిల్లీ సాస్, గ్రీన్ చిల్లీ సాస్, షెజ్వాన్ చట్నీ, సోయా, వెనిగర్. నిన్న తీరిగ్గా కూర్చుని అన్నిటి వెనక లేబుళ్ళు చదివా. రంగు, ప్రిజర్వేటివ్, చిక్కదనానికి ఏదో గమ్, చక్కెర, వీటి మధ్య ఎక్కడో మిరపకాయ. ఆవకాయ నుంచి చింతకాయ తొక్కు దాకా ఇంట్లోనే పెట్టుకునే మనిషిని, ఇవి మాత్రం ఎందుకు కొంటున్నానా అనిపించింది.

రెండు సార్లు ప్రయత్నించా. ఎండుమిరపకాయలు నానబెట్టి, వెల్లుల్లితో రుబ్బి షెజ్వాన్ సాస్ చేస్తే పదో రోజుకి పైన తెల్లగా బూజు పట్టింది. చిల్లీ ఆయిల్ అని కారప్పొడి మీద కాగిన నూనె పోస్తే క్షణంలో నల్లబడి చేదెక్కింది, మొత్తం పారబోశా. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి, ఏవి ఇంట్లో చేసుకుంటే నిజంగా బాగుంటాయి, దేనికి కష్టపడటం దండగ? అత్తగారు గుడ్డు కూడా తినరు, అందుకని శాకాహారం అయితే మేలు. అజినోమోటో వద్దనుకుంటున్నా.

గుంటూరు_జాడీ:
అమ్మా, మా అబ్బాయి వాళ్ళతో జేపీ నగర్‌లో ఉంటాను, మాది గుంటూరు పక్క పల్లె. మీరు అడిగిన దానిలో సగం జవాబు మీ జాడీలోనే ఉంది. పండుమిరపకాయ తొక్కు పెడతారా మీరు? చింతపండు, మెంతిపిండి వేయకముందు, ఉత్త పండుమిరపకాయలు, ఉప్పు కలిపి దంచి ఊరబెట్టిన దశ ఉంటుంది చూశారూ, చైనాలో హునాన్ ప్రాంతం వాళ్ళు నిల్వ పెట్టుకునే తరిగిన మిరపకాయల ఊరగాయ దాదాపు అదే. నాకు ఈ సంగతి తెలిసినప్పుడు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. మనం కొత్తగా నేర్చుకోవలసింది చాలా తక్కువ.

పండుమిరపకాయలు మనవైపు సంక్రాంతి దాటాక బాగా వస్తాయి. ఇక్కడ అన్ని రోజులూ దొరకవు, కేఆర్ మార్కెట్‌కి పొద్దున్నే వెళ్తే ఒక్కోసారి దొరుకుతాయి, లేదా ఊరి నుంచి ఎవరైనా వస్తుంటే తెప్పించుకోండి. కిలో కాయలు కడిగి, తొడిమలు తీయకుండానే గుడ్డ మీద నీడన ఆరబెట్టండి. తొడిమ తీసి కడిగితే నీళ్ళు లోపలికి పోతాయి, బూజుకి అదే మొదలు. పూర్తిగా ఆరాక తొడిమలు తీసి, 125 గ్రాముల కల్లుప్పు వేసి కచ్చాపచ్చాగా తొక్కి జాడీలో పెట్టండి. రోజుకోసారి పొడి గరిటెతో కలుపుతూ వారం ఉంచితే పులుపు వాసన వస్తుంది, అప్పుడు ఫ్రిజ్‌లో పెట్టేయండి. నాకు ఏడాది వచ్చింది.

షెజ్వాన్ సాస్ కావాలన్నప్పుడు ఇందులోంచి నాలుగు చెంచాలు తీసుకోండి. అరకప్పు నూనెలో సన్నగా తరిగిన వెల్లుల్లి, దానికి సగం అల్లం సన్నసెగన వేయించి, సెలరీ కాడ గానీ కొత్తిమీర కాడలు గానీ వేసి, ఆ తొక్కు కలిపి, చెంచా బెల్లం, రెండు చెంచాల వెనిగర్ పోసి, నూనె పైకి తేలేదాకా మగ్గనివ్వండి. ఉప్పు వేయకండి, తొక్కులోదే చాలు. మీ సాస్‌కి బూజు ఎందుకు పట్టిందంటే నానబెట్టిన నీళ్ళు అందులోనే ఉండిపోయాయి, నూనె తేలేదాకా మగ్గి ఉండదు. మన ఊరగాయ సూత్రమే దీనికీ, తడి తగలకూడదు, ఉప్పూ పులుపూ తగినంత ఉండాలి.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్తాను. పచ్చి వెల్లుల్లిని నూనెలో ముంచి బయట గట్టు మీద పెట్టే అలవాటు వద్దు. గాలి తగలని నూనెలో, పులుపు లేని చోట బోటులిజం అనే ప్రాణాపాయ జబ్బు తెచ్చే సూక్ష్మజీవి పెరుగుతుంది, అది వాసనకీ రుచికీ తెలియదు. వెల్లుల్లి పడిన సాస్ ఏదైనా కొంచెం కొంచెంగా చేసుకుని ఫ్రిజ్‌లో పెట్టి త్వరగా వాడేయండి. నిల్వకి తొక్కు పెట్టుకోండి, వెల్లుల్లి అప్పటికప్పుడు వేయించుకోండి.

ఇనపమూకుడు:
పిన్నిగారు తొక్కు గురించి చెప్పింది చదివి లేచి చప్పట్లు కొట్టాలనిపించింది. నేను నెల్లూరోణ్ణి, ఇక్కడ హోటల్ కిచెన్లలో పదకొండేళ్ళుగా చైనీస్ సెక్షన్‌లో చేస్తున్నా. అక్కా, మీ చిల్లీ ఆయిల్ సంగతి చెప్తా.

మీరు వాడింది మెత్తటి కారప్పొడి, అక్కడే దెబ్బ పడింది. మెత్తటి పొడి కాగిన నూనె తగలగానే మాడుతుంది. కాయల్ని ఒట్టి మూకుట్లో కాస్త వెచ్చబెట్టి, చల్లారాక గింజలతో సహా రేకుల్లా వచ్చేట్టు దంచుకోండి, మిక్సీలో అయితే రెండే రెండు తిప్పులు. రంగుకి బ్యాడిగి, ఘాటుకి గుంటూరు. నేను 40 గ్రాముల బ్యాడిగికి 10 గ్రాముల గుంటూరు కాయ వేస్తా. ఈ ఊళ్ళో ఉండటం వల్ల మనకి పెద్ద లాభం ఇదే, బ్యాడిగి కాయ హావేరి జిల్లాది, ప్రతి కిరాణా కొట్లో దొరుకుతుంది, కారం తక్కువ, ఎరుపు మాత్రం చిక్కగా దిగుతుంది. బండి వాళ్ళు ఏ రంగు కోసం పొట్లం విప్పుతున్నారో ఆ రంగు ఈ కాయలోనే ఉంది.

పావు లీటరు నూనెలో అల్లం ముక్కలు, ఉల్లికాడల తెల్ల భాగం, రెండు అనాసపువ్వులు, దాల్చినచెక్క వేసి సన్నసెగన ఉల్లికాడ గోధుమరంగు వచ్చేదాకా ఉంచి, అన్నీ వడకట్టేయాలి. తర్వాత నూనెని బాగా వేడిచేసి, మంట ఆపి, ఆగాలి. ఎంతసేపు అంటే, రెండు మిరప రేకులు వేసి చూడండి. బుడగలు వచ్చి ఎర్రగానే ఉంటే సరైన వేడి. నల్లబడితే ఇంకో రెండు నిమిషాలు ఆగండి. థర్మామీటర్ ఉంటే 140 డిగ్రీల చుట్టుపక్కల. గిన్నెలో మిరప రేకులు, నువ్వులు, ఉప్పు పెట్టుకుని నూనెని ఒకేసారి పోయకుండా మూడు సార్లుగా, ప్రతిసారీ కలుపుతూ పోయాలి. మర్నాటికి గానీ రంగు పూర్తిగా దిగదు, అదే రోజు రుచి చూసి బాగాలేదనుకోవద్దు.

నువ్వుల నూనె కూడా చెప్తా, చాలామంది ఇక్కడ పొరబడతారు. మన గానుగ నువ్వుల నూనె పచ్చి నువ్వులది, చైనా వంటలో చివర చుక్క వేసేది బాగా వేయించిన నువ్వులది, వాసన పూర్తిగా వేరు. కొనక్కర్లేదు. 100 గ్రాముల నువ్వుల్ని మాడకుండా ముదురు రంగు వచ్చేదాకా వేయించి, కచ్చాపచ్చాగా పొడి చేసి, 200 మిల్లీలీటర్ల గానుగ నూనెలో సన్నసెగన పది నిమిషాలు వెచ్చబెట్టి, రాత్రంతా వదిలేసి గుడ్డతో వడకట్టండి. అడుగున మిగిలిన ముద్ద పారేయొద్దు, నూడుల్స్‌లో కలపండి, లేదా ఉప్పూ కారం చేర్చి అన్నంలోకి నువ్వుల పొడిలా తినండి.

సర్జాపుర_వంటిల్లు:
పిన్నిగారూ, తమ్ముడూ, ఇంత ఓపిగ్గా రాసినందుకు చాలా థాంక్స్. తొడిమ తీయకుండా కడగడం మా అమ్మ కూడా చెప్పేది, సాస్ విషయంలో మాత్రం నాకు తట్టలేదు. ఇప్పుడు సోయా సాస్ సంగతేంటి? సోయా గింజలు నానబెట్టి ఉడికించి ఇంట్లో చేసే వీడియోలు చూశాను, చేయొచ్చా? వెనిగర్ బదులు చింతపండు పులుసు పోస్తే సరిపోతుందా?

ఇనపమూకుడు:
సోయా సాస్ కొనండి అక్కా, అందులో సందేహం పెట్టుకోవద్దు. సోయా గింజలు, గోధుమల మీద కోజీ అనే మంచి బూజు పెంచి, ఉప్పునీళ్ళలో నెలల తరబడి పులియబెడితే వచ్చేది అది. ఇంట్లో గింజల మీద ఏ బూజు పెరుగుతుందో మన చేతిలో ఉండదు, వేరే రకం పడితే విషం. వీడియోల్లో సోయా గింజలు ఉడికించి బెల్లంపాకం కలిపి ఇచ్చేది సోయా సాస్ కాదు, ఆ పులిసిన రుచి దానికి రాదు. కొనేటప్పుడు వెనక చదవండి, నీళ్ళు, సోయాబీన్, గోధుమ, ఉప్పు, అంతే ఉంటే మంచిది. హైడ్రలైజ్డ్ ప్రోటీన్ అని మొదట్లోనే ఉంటే అది పులియబెట్టకుండా త్వరగా తయారుచేసింది.

డార్క్ సోయా మాత్రం వేరే సీసా కొనక్కర్లేదు. రెండు చెంచాల పంచదారని ముదురు ఎరుపు వచ్చేదాకా కరిగించి, మంట ఆపి, కొంచెం వేడినీళ్ళు పోసి (చిందుతుంది, జాగ్రత్త) అరకప్పు మామూలు సోయా కలిపి ఒక పొంగు రానివ్వండి. ఫ్రైడ్ రైస్ రంగుకి చెంచాడు చాలు.

వెనిగర్ బదులు చింతపండు వద్దు. పోశారంటే నూడుల్స్ పులిహోర వైపు వెళ్తాయి. నిమ్మరసం సెగ మీద ఎక్కువసేపు ఉంటే చేదెక్కుతుంది. సీసా మీద సింథటిక్ అని ఉంటే ఎసిటిక్ యాసిడ్‌ని నీళ్ళతో పలుచన చేసినది, బ్రూడ్ అని ఉంటే పులియబెట్టినది. పది ఇరవై రూపాయలు ఎక్కువైనా రెండోది తీసుకోండి. అందులో పచ్చిమిర్చి చక్రాలుగా తరిగి, చిటికెడు ఉప్పు, పంచదార వేసి సీసాలో పెడితే హోటల్ బల్లల మీద ఉండే చిల్లీ వెనిగర్ అదే.

ఇంట్లో చేసుకుంటే అన్నిటికంటే ఎక్కువ తేడా కనిపించేది మాత్రం స్టాక్. ఎవరూ పట్టించుకోరు గానీ సూప్‌కీ మంచూరియా గ్రేవీకీ ప్రాణం అదే. క్యారెట్ చివర్లు, క్యాబేజీ మొదలు, పుట్టగొడుగుల కాడలు, ఉల్లికాడల తెల్ల భాగం, అల్లం, నాలుగు మిరియాలు, రెండు లీటర్ల నీళ్ళు, నలభై నిమిషాలు. అంతకంటే ఎక్కువ మరిగిస్తే క్యాబేజీ వాసన పట్టేస్తుంది. చల్లార్చి ఐస్ ట్రేలో పోసి గడ్డకట్టించండి, కావలసినప్పుడు నాలుగు గడ్డలు తీసి మూకుట్లో వేయడమే. దీనికి తోడు బటన్ పుట్టగొడుగుల్ని పల్చగా కోసి గలగలలాడేట్టు ఎండబెట్టి పొడి చేసి పెట్టుకుంటే మీకు అజినోమోటో అవసరం రాదు.

కోరమంగళ_రాత్రిభోజనం:
అజినోమోటో మాట వచ్చింది కాబట్టి ఒక మాట. నేను ఫుడ్ టెక్నాలజీ చదివాను, దీని మీద ఉన్నంత భయం అవసరం లేదని నా అభిప్రాయం. 1908లో కికునే ఇకెడా అనే జపాన్ శాస్త్రవేత్త కొంబు అనే సముద్రపు నాచులోంచి ఆ రుచినిచ్చే గ్లుటమేట్ అనే పదార్థాన్ని వేరుచేశారు, అజినోమోటో దాని లవణమే. అదే గ్లుటమేట్ టమాటాలో, పుట్టగొడుగుల్లో సహజంగా ఉంటుంది. చైనీస్ భోజనం తిన్నాక తిమ్మిరి, గుండెదడ లాంటివి వస్తాయంటూ చెప్పే చైనీస్ రెస్టారెంట్ సిండ్రోమ్ అన్న పేరు 1968లో అమెరికాలో ఒక వైద్య పత్రికకి వచ్చిన ఉత్తరంతో పుట్టింది. తర్వాత జరిగిన పరీక్షల్లో మామూలు మోతాదులో తింటే అలాంటి బాధలు నిలకడగా కనిపించలేదు. పడదనుకున్నవాళ్ళు మానేయొచ్చు, అందులో తప్పేం లేదు. కానీ పుట్టగొడుగుల పొడి వేస్తున్నామంటే ఆ రుచినే వేరే దారిలో తెచ్చుకుంటున్నామని తెలిసి వేయడం మంచిది.

ఇంకొకటి, ఫ్రైడ్ రైస్‌కి నిన్నటి అన్నం అని అందరూ చెప్తారు, నిజమే, చల్లారితే మెతుకు గట్టిపడి విడివిడిగా వస్తుంది. కానీ ఆ అన్నాన్ని రాత్రంతా గట్టు మీద వదిలేయకండి. బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా దానిలో పెరిగి విషం తయారుచేస్తుంది, మళ్ళీ వేయించినా ఆ విషం పోదు. వండగానే పళ్ళెంలో పల్చగా పరిచి, ఆవిరి పోగానే ఫ్రిజ్‌లో పెట్టండి. సోనా మసూరి అయితే నీళ్ళు కాస్త తగ్గించి వండండి, బాస్మతి కంటే నాకు అదే బాగుంటుంది.

సర్జాపుర_వంటిల్లు:
అజినోమోటో గురించి మీరు చెప్పింది అర్థమైందండి. అయినా ఇంట్లోకి తేవాలని లేదు, పుట్టగొడుగుల పొడే చేస్తాను. అన్నం విషయం మాత్రం నిజంగా తెలియదు, నేను రాత్రి గిన్నె మూతపెట్టి గట్టు మీదే ఉంచుతాను. ఇవాళ్టి నుంచి మానేస్తా.

కాకినాడ_ఎండురొయ్య:
శాకాహారం అడిగారు, అయినా తినేవాళ్ళు చదువుతారని రాస్తున్నా. మన కోస్తా వాళ్ళ ఇళ్ళల్లో ఎండు రొయ్యలు ఎప్పుడూ ఉంటాయి కదా, హాంగ్‌కాంగ్‌లో 1980లలో పుట్టిన ఎక్స్ఓ సాస్‌కి ఎండిన స్కాలప్‌లు అనే ఆల్చిప్పల మాంసంతో పాటు ఎండు రొయ్యలే ఆధారం. నేను రొయ్యల్ని కడిగి, నానబెట్టి, దంచి, నూనెలో వెల్లుల్లి, ఎండుమిర్చితో కరకరలాడేదాకా వేయించి చిన్న సీసాలో ఫ్రిజ్‌లో పెడతా. ఒట్టి అన్నంలో ఒక చెంచా కలిపినా చాలు, ఇంకేం కూర అక్కర్లేదు.

శాకాహారులకి పనికొచ్చేవి రెండు ఉన్నాయి. ఎజిపుర, కోరమంగళ వైపు ఈశాన్య రాష్ట్రాల వాళ్ళ కొట్లు ఉన్నాయి, అక్కడ నాగాలాండ్ అఖునీ దొరుకుతుంది. అది పులియబెట్టిన సోయా గింజలు, వాసన ఘాటుగా ఉంటుంది గానీ నూనెలో వేగాక చైనా నల్ల సోయా గింజల పేస్ట్ వేసినంత లోతు వస్తుంది. రెండోది తెప్పళ్, మంగళూరు సరుకుల కొట్లలో అడగండి, కన్నడంలో జుమ్మనకాయి అంటారు. చైనాలోని సిచువాన్ ప్రాంతపు మిరియాలకి చుట్టం. లోపలి నల్ల గింజ తీసి పారేసి, పై తొక్క మాత్రం వేడిచేసి పొడి కొట్టండి. నాలుక మీద జుమ్మని పాకుతుంది. మనం షెజ్వాన్ అని పిలుచుకునే సాస్‌లో సిచువాన్ పేరే ఉంది గానీ ఆ జుమ్ము లేదు, చిటికెడు వేసి చూస్తే తేడా తెలుస్తుంది.

గుంటూరు_జాడీ:
తెప్పళ్ నాకు తెలియదు నాయనా, మా కోడలిది ఉడుపి, అడుగుతాను. వాళ్ళు చేపల కూరలో వేస్తారనుకుంటా.

అమ్మా, ఇంకో మాట. మంచూరియా అనగానే అదేదో పరాయి వంట అని మనం సీసాల కోసం పరిగెడతాం. కలకత్తాలో స్థిరపడిన చైనా వాళ్ళ వంట మన నాలుకకి తగ్గట్టు మారుతూ వచ్చింది. మంచూరియాని మొదట చేసింది కలకత్తాలో పుట్టిన నెల్సన్ వాంగ్ అనే వంటాయన అని చెప్తారు, 1975లో బొంబాయి క్రికెట్ క్లబ్‌లో. అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి మనవే తీసుకుని, గరం మసాలా బదులు సోయా సాస్ పోసి, కార్న్‌ఫ్లోర్‌తో చిక్కబరిచాడట. అంటే సోయా ఒక్కటి పక్కన పెడితే మిగతాదంతా రోజూ మన వంటింట్లో ఉండేదే.

సర్జాపుర_వంటిల్లు (పన్నెండు రోజుల తర్వాత):
ఇంతమంది సాయం చేశారు కాబట్టి ఏం జరిగిందో చెప్పడం నా బాధ్యత. పండుమిరపకాయలు కేఆర్ మార్కెట్‌లో అరకిలోనే దొరికాయి. తొక్కు ఎనిమిదో రోజుకి పులుపెక్కింది, ఫ్రిజ్‌లో పెట్టేశా. చిల్లీ ఆయిల్ మొదటి రోజు నీరసంగా అనిపించి భయపడ్డాను, మర్నాడు మూత తీస్తే నూనె మొత్తం కుంకుమ రంగులో ఉంది, చేదు లేదు. మావారు ఇడ్లీ మీద కూడా అదే పోసుకుంటున్నారు.

నిన్న గోబీ చేశా. ముక్కల్ని ఉప్పు, పసుపు వేసిన వేడినీళ్ళలో రెండు నిమిషాలు ఉంచి, గుడ్డ మీద బాగా ఆరబెట్టి, మైదా, కార్న్‌ఫ్లోర్ సమంగా కలిపిన పిండిలో ముంచి రెండుసార్లు వేయించా, మొదట మధ్యరకం సెగ మీద, పది నిమిషాలు చల్లారాక పెద్ద సెగ మీద. సాస్‌కి తొక్కు, సోయా, నాలుగు స్టాక్ గడ్డలు, చెంచాడు పుట్టగొడుగుల పొడి. రంగు బండి మీది దానంత ఎర్రగా లేదు, ఇటుక రంగులో ఉంది. పెద్దవాడు రంగు చూసి మొదట ముట్టలేదు, చెల్లెలు తింటుంటే చూసి మొదలుపెట్టి ఆఖరి ముక్క కోసం దాంతో గొడవపడ్డాడు. అత్తగారు అన్నంలో కలుపుకుని తిన్నారు, ఇంకాస్త పులుపు ఉండొచ్చన్నారు.

ఒక్కటి మాత్రం కుదరలేదు తమ్ముడూ. నూడుల్స్ మూకుడుకి అంటుకుని ముద్దయ్యాయి. నీళ్ళు వంపాక నూనె కలిపి ఆరబెట్టాను, ఇనప మూకుడే వాడాను, నలుగురికీ ఒకేసారి వేశా. ఎక్కడ తేడా వచ్చిందంటావ్?

ఇనపమూకుడు:
నలుగురికీ ఒకేసారి వేయడంలోనే వచ్చింది అక్కా. ఇంటి పొయ్యి సెగ మా పొయ్యిలో చిన్న భాగం కూడా ఉండదు, అంత సరుకు పడగానే మూకుడు చల్లారి, వేగాల్సినవి ఆవిరికి ఉడుకుతాయి. ఇద్దరికి ఒక వాయి చొప్పున వేయండి. ముందు ఖాళీ మూకుడు పొగ వచ్చేదాకా కాలాలి, తర్వాత నూనె, కూరగాయలు వేగాక పక్కకి తీసేసి నూడుల్స్ వేసి ఒక నిమిషం కదపకుండా వదిలేయండి, అడుగు కాస్త ఎర్రబడ్డాక తిప్పండి. సోయాని నూడుల్స్ మీద కాకుండా మూకుడు అంచు వెంట పోయండి, కాలిన ఇనుము తగిలి ఆ పొగ వాసన పడుతుంది. ఉడికించేటప్పుడు కూడా ప్యాకెట్ మీద రాసినదానికంటే ఒక నిమిషం ముందే దించేసి చన్నీళ్ళలో కడగండి.